నా వాక్యాలు నేనే కాపీ కొట్టిన కేసు

కాపీ కొట్టానన్న ఆరోపణ నా మీద వచ్చేనాటికి నాకు నలభై మూడేళ్లు. అప్పటికి పదిహేనేళ్లు బడిలో ఇంగ్లీషు చెప్పి ఉన్నాను. రెండు జవాబు పత్రాలు పక్కపక్కన పెడితే ఎవరు ఎవరి భుజం మీదుగా చూసి రాశారో, ఏ లైను దగ్గర కంగారుపడ్డారో కూడా చెప్పగలిగేదాన్ని. దానివల్ల పిల్లలు నాకో పేరు పెట్టారు. అది ఇక్కడ అనవసరం.

2022లో షార్జాలోని ఒక యూనివర్సిటీలో సాయంత్రం క్లాసులకు వెళ్లి ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ చదువుతున్నాను. మొదటి సెమిస్టర్‌లో ఒక వ్యాసం రాయమన్నారు. బడితో సంబంధం లేకుండా, పనిచేసే చోట మనుషులు ఎలా నేర్చుకుంటారన్నది విషయం. క్లాసు మొత్తంలో అందరికంటే ముందు నేనే ఇచ్చేశాను. రెండు రోజులకి ప్రొఫెసర్ గారి మెయిల్ వచ్చింది, వ్యాసం గురించి మాట్లాడాలి, రేపు క్లాసుకి ముందు గదికి రండి అని. మెచ్చుకోవడానికే అయి ఉంటుందని మంగళగిరి చీర ఇస్త్రీ చేసుకుని కట్టుకెళ్లాను.

మా ప్రొఫెసర్ సూడాన్ ఆవిడ. అరవైకి దగ్గరపడ్డ మనిషి. మెత్తగా మాట్లాడేవారు, కానీ ఆ మెత్తదనాన్ని నమ్ముకుని ఎవరూ ఆలస్యంగా క్లాసుకి వచ్చేవారు కాదు. ఆవిడ మాట్లాడిందంతా ఇంగ్లీషులోనే, నాకు మాత్రం తెలుగులోనే గుర్తుంది. కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు. నా వ్యాసం సగానికి పైగా పసుపు రంగులో ఉంది.

"ఈ పసుపు ఏమిటో తెలుసా?"

"బాగున్న వాక్యాలా మేడం?"

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఇంతకుముందే ఇంకొకరు రాసిన వాక్యాలు. 2020లో వేరే కాలేజీలో ఒక విద్యార్థి ఇచ్చిన పేపర్‌లో అచ్చం ఇవే ఉన్నాయి. పేరు నాకు కనిపించదు. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ కాలేజీ, సంవత్సరం మాత్రం చూపిస్తుంది. మీరు ఆ కాలేజీలో చదివారా?"

"లేదు మేడం."

"మరి?"

ఆ విద్యార్థి ఎవరో నాకు తెలుసు. మా బిల్డింగ్‌లోనే, మా పై అంతస్తులోనే ఉంటాడు. ఆ పేపర్ రాసింది నేనే. అది నాదే మేడం అనే మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. కాపీ కొట్టలేదని నిరూపించుకోవాలంటే ఇంకొకరి చదువు నేను చదివి పెట్టానని ఒప్పుకోవాలి. ఇదేదో దొంగతనం చేయలేదని చెప్పడానికి, ఆ టైముకి నేను వేరే ఇంట్లో దొంగతనం చేస్తున్నానని సాక్ష్యం ఇచ్చినట్టుంది.

"ఏదో పొరపాటు జరిగి ఉంటుంది మేడం," అన్నాను. నా పాత విద్యార్థులందరూ అనే మాట అదే.

ఆవిడ ఖర్జూరాల గిన్నె నా ముందుకి జరిపారు. "వారం టైమిస్తున్నాను. ఏ వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో రాసి తీసుకురండి. మొత్తం. ఆ తర్వాతైతే కమిటీ ముందుకి వెళ్లాలి. అక్కడ ఖర్జూరాలు పెట్టరు."

అసలు జరిగింది చెప్పాలంటే 2020కి వెళ్లాలి. మేం షార్జాలోనే రోలా అనే పేటలో ఉంటున్నాం. ఆ ఏడాది కోవిడ్‌తో బళ్లు మూతపడి, క్లాసులు ఆన్‌లైన్‌కి వచ్చి, మా స్కూలువాళ్లు కొంతమంది టీచర్లను తీసేశారు. అందులో నేనూ ఉన్నాను. పని లేకుండా ఇంట్లో కూర్చున్న ఇంగ్లీషు టీచర్ చుట్టుపక్కలవాళ్లకి ప్రమాదకరం. లిఫ్ట్ దగ్గర వాచ్‌మన్ అంటించిన నోటీసులో ఎర్ర పెన్నుతో తప్పులు దిద్దాను. మా ఆయన క్వాంటిటీ సర్వేయర్, కట్టడాల ఖర్చు లెక్కలేసే పని. ఆయన ఆఫీసు మెయిల్స్ పంపకముందే చదివి కామాలు పెట్టేదాన్ని. ఆయన తలుపేసుకుని పనిచేయడం మొదలుపెట్టారు.

అలాంటి రోజుల్లో పై అంతస్తు అబ్బాయి దొరికాడు. కరీంనగర్ వైపు పల్లెటూరివాడు. అబుదాబి దగ్గర ముసఫ్ఫాలో, ఐకాడ్ అనే పారిశ్రామికవాడలోని ఒక ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసర్. భార్య ఇక్కడ రోలాలో ఉండేది, వారం వారం వచ్చి వెళ్లేవాడు. ఆ ఏడాది మాత్రం అబుదాబిలోకి మళ్లీ వెళ్లాలంటే ప్రతిసారీ కోవిడ్ టెస్టు చేయించుకోవాలి, దాంతో రెండేసి మూడేసి వారాలు అక్కడే ఉండిపోయేవాడు. ఖాళీగా ఉండలేక ఆన్‌లైన్‌లో సేఫ్టీ డిప్లొమాలో చేరాడు. మొదటి అసైన్‌మెంట్‌ని కాలేజీవాళ్లు తిప్పి పంపారు. నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, జర చూడుండ్రి. కాపీ అంటున్నరు. నేనైతే మంచిగనే రాసిన."

చూశాను. ఇంటర్నెట్‌లో దొరికింది దొరికినట్టు దించేశాడు. మూడో పేరా మధ్యలో 'మా వార్తాలేఖ కోసం ఇక్కడ నొక్కండి' అన్న ముక్క కూడా ఉంది. అలా దించకూడదు తమ్ముడూ, నీ మాటల్లో రాయాలని చెప్పాను. సరేనన్నాడు. ఈసారి మాటలు మార్చే సాఫ్ట్‌వేర్ ఒకటి సంపాదించాడు. అది అతని వ్యాసంలో ప్రతి మాటకీ ఇంకో మాట పెట్టింది. హీట్ స్ట్రోక్, అంటే వడదెబ్బ, కాస్తా 'వెచ్చగా నిమరడం' అయింది. ఫస్ట్ ఎయిడ్ 'మొదటి దానం' అయింది. హార్డ్ హ్యాట్ 'కష్టమైన టోపీ' అయింది. ఆ లెక్కన, ఎండలో పనిచేసేవాళ్లు కష్టమైన టోపీలు పెట్టుకోవాలి, ఎవరికైనా వెచ్చగా నిమరడం జరిగితే వెంటనే మొదటి దానం చేయాలి. ఆ వ్యాసం చదివి నేను నవ్విన నవ్వుకి మా ఆయన తలుపు తీసుకుని బయటికొచ్చారు.

నవ్వడం అయ్యాక, దీన్ని నేను సరిచేస్తానని అనేశాను.

మొదటిసారి వ్యాకరణం మాత్రమే దిద్దాను. రెండోసారి సగం రాశాను. మూడోసారికి అతను వాయిస్ మెసేజ్‌లు పంపడం, నేను వ్యాసం రాయడం అలవాటైపోయింది. సైటులో ఏం జరుగుతుందో, ఎవరు ఏమంటారో అతను పది నిమిషాలు చెప్పేవాడు. నేను దాన్ని ఇంగ్లీషులో పెట్టేదాన్ని. మూతికి మాస్కుతో అతని భార్య సర్వపిండి, మక్క గారెలు తెచ్చి మా గుమ్మంలో పెట్టి వెళ్లేది. నేను తప్పు చేస్తున్నానని నాకు తెలియలేదంటే అబద్ధం. తెలుసు. కానీ సర్వపిండి వేడిగా ఉండేది, నా ఇంగ్లీషు ఎవరికో పనికొస్తోంది.

ఎండ గురించి రాసిన నాలుగో వ్యాసం నాకు బాగా నచ్చింది. సూర్యుడు ముందు మనిషి గొంతు తీసుకుంటాడు, పక్కవాడు మౌనంగా అయ్యాడంటే నీడకి లాగండి, అని మొదలవుతుంది. కొత్తగా పనిలోకి వచ్చినవాడు సిగ్గుపడి, పక్కవాడు తాగితేనే నీళ్లు తాగుతాడు, అని ఇంకో వాక్యం. మౌనంగా అనడానికి 'టాసిటర్న్' అనే మాట వేశాను. డిప్లొమా పేపర్‌కి అంత మాట అవసరం లేదు. నాకు అవసరమైంది.

ఆ వ్యాసం తర్వాత అతను ఫోన్ చేసి, "ఇగ నేనే రాసుకుంట అక్కా, మీకు తక్లీఫ్ ఇయ్య," అన్నాడు. కారణం చెప్పలేదు. నాకు చిన్నతనంగా అనిపించింది. కొన్నాళ్లు లిఫ్ట్‌లో కనిపించినా ముభావంగా ఉన్నాను.

రెండేళ్ల తర్వాత నేనే విద్యార్థినై, పనిచేసే చోట నేర్చుకోవడం గురించి రాయాల్సి వచ్చినప్పుడు ఆ ఫైలు తెరిచాను. నా బీరువాలోంచి నా చీర తీసుకున్నట్టే అనుకున్నాను. టాసిటర్న్‌తో సహా తీసుకున్నాను.

ప్రొఫెసర్ గది నుంచి ఇంటికొచ్చి మా ఆయనకి అంతా చెప్పాను. ఆయన టీ తాగుతూ శ్రద్ధగా విన్నారు.

"మా ఆఫీసులో పాత సైటు డ్రాయింగే కొత్త సైటుకి వాడితే దాన్ని ఎఫిషియెన్సీ అంటారు," అన్నారు.

"ఇది ఆఫీసు కాదండీ."

"అదే చెప్తున్నా. నువ్వు ఆఫీసులో చేయాల్సింది యూనివర్సిటీలో చేశావు." కప్పు కింద పెట్టారు. "అది సరే. నువ్వు నిజం చెప్తే ఆ అబ్బాయి సర్టిఫికెట్ ఏమవుతుంది?"

నేను ఆలోచించనిది అదే. నా పరువు గురించే అప్పటిదాకా నా బాధ. ఆ డిప్లొమా తర్వాత అతనికి ప్రమోషన్ కూడా వచ్చింది. నేను నోరు విప్పితే అతని ఉద్యోగానికి ఎసరు రావచ్చు. విప్పకపోతే కమిటీ ముందు కూర్చోవాలి. శనివారం అతను రోలాకి వచ్చేదాకా మూడు రోజులు ఆగాల్సి వచ్చింది.

శనివారం సాయంత్రం మెట్లెక్కి వెళ్లాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు వాళ్ల ఏసీ గురించి మాట్లాడాను. తర్వాత విషయం చెప్పాను. అతను భార్య ముఖం చూశాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది.

"ఆ పేపరు నాది కాదని గప్పుడే సార్‌కు చెప్పిన అక్కా," అన్నాడు అతను.

"ఎప్పుడు?"

"వైవాల. ఆన్‌లైన్‌ల అడిగిండు సారు. టాసిటర్న్ అంటే ఏంది అన్నడు. నేను, సార్, అది మా సైట్ల లేదు అన్న."

నేను మంచినీళ్లు తాగాను.

"సారు నవ్విండు. మల్ల అడిగిండు, ఇది నువ్వే రాసినవా అని. అబద్ధం చెప్పబుద్ధి కాలే. తెలిసినోళ్లు రాసిచ్చిన్రు, ముచ్చట మాత్రం నాదే అన్న. జీరో ఏసిండు. పాత మూడు పేపర్లు గుడ మల్ల రాయమన్నడు. నాలుగు గుడ నా వంకర ఇంగ్లీషులనే రాసిన. పాస్ అయిన."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు మనసు నొచ్చుకుంటరని." భార్య వైపు చూశాడు. "ఈమె గుడ చెప్పొద్దన్నది. అక్క గా మాట మీద మస్తు ఖుషీగ ఉన్నది అన్నది."

అంటే, నేను రెండేళ్ల తర్వాత కూడా చెప్పడానికి వణికిపోతున్న నిజాన్ని అతను 2020లోనే, ఒక్క ప్రశ్నకి చెప్పేశాడు. ఆ తర్వాత నేను లిఫ్ట్‌లో ముభావంగా ఉన్నా పలకరిస్తూనే వచ్చాడు. నాకు సిగ్గేసింది. సిగ్గుని కప్పుకోవడానికి మళ్లీ టీచర్‌నైపోయాను.

"సరే, మంచి పని చేశావు. కానీ వాక్యాలు మాత్రం నావే కదా. ప్రొఫెసర్‌కి ఆ మాటే చెప్తాను."

అతను తల గోక్కున్నాడు. "ఇంగ్లీషు మీదే అక్కా."

"మరి?"

అతను ఫోన్ తీసి పాత వాయిస్ మెసేజ్‌లు వెతికాడు. నా ఫోన్‌లోనూ ఉన్నాయి, నేనెప్పుడూ వెనక్కి వెళ్లి వినలేదు. వెనకాల మిషన్ల రొదలో అతని గొంతు: "అక్కా, మా మేస్త్రీ ఏమంటడంటే, ఎండ ముందుగాల మాట మీద కొడ్తది అంటడు. మనిషి మాట్లాడుడు బంద్ జేసిండంటే నీడకు గుంజుకపోవాలె. కొత్తగ వచ్చినోడు సిగ్గువడ్తడు, పక్కోడు తాగితెనే నీళ్లు తాగుతడు."

మెసేజ్ అయిపోయింది. నేను గొప్పగా మొదలుపెట్టానని మురిసిపోయిన వాక్యం మొత్తం అక్కడ ఉంది. నేను వేసిందల్లా 'టాసిటర్న్'. అది ఒక్కటే పూర్తిగా నాది, దానివల్లే అతనికి జీరో వచ్చింది.

"ఆ మేస్త్రీ ఇప్పుడెక్కడున్నాడు?" అన్నాను.

"ఫుజైరాల. క్వారీల పనిచేస్తుండు."

మర్నాడు ఆదివారం. మా ఆయన కారు తీశారు. పై అంతస్తు దంపతులూ వచ్చారు. కొండల మధ్య సొరంగాలు దాటుకుంటూ వెళ్తుంటే మా ఆయన, "ఒక వాక్యం కోసం ఇంత పెట్రోలు కాల్చినవాళ్లు ఎవరూ ఉండరు," అన్నారు. నేను కిటికీలోంచి కొండలు చూశాను.

మేస్త్రీ జగిత్యాల వైపు మనిషి. యాభై దాటాయి, గల్ఫ్‌లో పాతికేళ్లుగా ఉన్నాడు. క్యాంపు బయట రేకుల కింద ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, సులేమానీ టీ తెప్పించాడు. నలుగురం కలిసి ఎందుకొచ్చామో అతనికి అంతుపట్టలేదు. ఏదో పెళ్లి పిలుపు అనుకున్నాడట. నేను విషయం చెప్పి, మీ మాట నా పేపర్లో వాడుకోవచ్చా అని అడిగాను.

"నేనన్ననా గా మాట?" అన్నాడు.

"నువ్వే అన్నవు. షెడ్డు కాడ," అన్నాడు మా పై అంతస్తు అబ్బాయి.

మేస్త్రీ గ్లాసులోకి చూస్తూ ఆ మాటని నోట్లోనే మరోసారి అనుకున్నాడు. "మంచిగనే అన్న," అన్నాడు చివరికి. "రాసుకోండ్రి మేడం. నా పేరు వస్తదా?"

ఇక్కడే నాకు ఇబ్బంది వచ్చింది. కార్మికులతో మాట్లాడి రాసేటప్పుడు వాళ్లకి చిక్కులు రాకుండా పేర్లు దాచాలి. ఆ నియమం యూనివర్సిటీ పుస్తకంలో చూసే బయల్దేరాను. అదే చెప్పాను. మీ మాట మీదేనని రాస్తాను గానీ, పేరు బదులు ఒక అనుభవమున్న మేస్త్రీ అని ఉంటుందని.

అతను మా నలుగురినీ ఒక్కొక్కళ్లనే చూశాడు. "పేరు పెట్టనప్పుడు గింత దూరం ఎందుకొచ్చిన్రు?"

మా ఆయన దగ్గు వచ్చినట్టు నటించి అవతలికి వెళ్లారు. అడక్కుండా తీసుకోవడం తప్పు కాబట్టి వచ్చామన్నాను. అడిగినా పేరు పెట్టకపోతే అడగనట్టే గదా అన్నాడు. పావుగంట వాదించుకున్నాం. చివరికి, పేరు వద్దు గానీ మాది జగిత్యాల అని పెట్టుండ్రి, మా దోస్తులు గుర్తుపడ్తరు, అన్నాడు. ప్రొఫెసర్‌ని అడిగి చెప్తానన్నాను.

మేం లేస్తుంటే ఆపాడు. "ఇంకో మాట గుడ రాసుకోండ్రి. పొద్దుగాల మీటింగ్ పెట్టి ముదీర్, గదే మేనేజర్, చెప్పింది ఒక్కడు గుడ వినడు. అన్నం డబ్బా ఇప్పినప్పుడు చెప్తె అందరు వింటరు. గిది మాత్రం నేనే అన్న. తారీఖు గుడ ఏసుకోండ్రి."

వేసుకున్నాను. పనిచేసే చోట మనుషులు ఎలా నేర్చుకుంటారన్న ప్రశ్నకి అప్పటిదాకా నేను చదివిన పుస్తకాలన్నిటిలోకీ అదే సూటి జవాబు.

ప్రొఫెసర్ ఇచ్చిన గడువు ముగిసే రోజున ఆవిడ గదిలో మళ్లీ కూర్చున్నాను. నాలుగు పేజీలు రాసుకెళ్లాను: 2020లో ఎవరి కోసం ఏం రాశాను, అతను ఎలా ఒప్పుకున్నాడు, నేను ఎలా తీసి వాడాను, మేస్త్రీ ఏమన్నాడు. ఎవరి పేర్లూ రాయలేదు. సర్వపిండి సంగతి కూడా రాయలేదు, ఆవిడ అడిగితే చెబుదామనుకున్నాను.

ఆవిడ చదువుతూ ఒకచోట ఆగి పెదవి బిగించారు. టాసిటర్న్ దగ్గరని నా అనుమానం.

"ఇంకొకరికి రాసి పెట్టారు. అదే రాతని కొత్తదని నాకు ఇచ్చారు," అన్నారు కాగితాలు కింద పెట్టి. "ఈ రెండూ మా సాఫ్ట్‌వేర్ ఇవాళ కాకపోతే రేపు పట్టుకుంటుంది. కానీ ఆ మేస్త్రీ మాట తీసుకుని మీ మాట అని రెండేళ్లు నమ్మారే, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోలేదు. ఆయన ఎక్కడా టైప్ చేయలేదు కాబట్టి."

"అవును మేడం."

"మా అమ్మమ్మ మాటలు కొన్ని నా థీసిస్‌లో ఉన్నాయి," అన్నారు ఆవిడ, కిటికీ వైపు చూస్తూ. "ఆవిడ పేరు ఎక్కడా లేదు." ఆ మాట అన్నాక వెంటనే పెన్ను తీసుకున్నారు. "ఖలాస్. మళ్లీ రాయండి. ఎంత బాగా రాసినా పాస్ మార్కే వస్తుంది. ఫైల్లో హెచ్చరిక ఉంటుంది. ఇంకా మొదటి ఏడాది పిల్లలకి జరిగే వర్క్‌షాప్‌కి మీరూ వెళ్లాలి. జగిత్యాల అని పెట్టుకోవచ్చు."

కాపీ కొట్టకుండా రాయడం ఎలాగో నేర్పే ఆ వర్క్‌షాప్ ఒక శనివారం పొద్దున జరిగింది. గదిలో పాతికమంది పద్దెనిమిదేళ్ల పిల్లలు, మధ్యలో నేను. పక్కన కూర్చున్న మలయాళీ అమ్మాయి మర్యాదగా అడిగింది: "ఆంటీ, మీరు ఎవరి మదర్?"

"ఎవరి మదర్నీ కాను. నాదీ కేసే."

ఆ అమ్మాయి కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది.

పాఠం చెప్పడానికి వచ్చిన కుర్ర లెక్చరర్ తెర మీద స్లయిడ్లు వేశాడు. పాఠం నిజంగా బాగుంది. ఇతరుల మాట ఉన్నదున్నట్టు వాడితే కొటేషన్ గుర్తులుండాలి, భావం మాత్రమే తీసుకున్నా ఎవరిదో చెప్పాలి, మాటలు అటూఇటూ మార్చినంత మాత్రాన అది మనదైపోదు. 'వెచ్చగా నిమరడం' గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకున్నాను. అలా తల వంచుకుని మళ్లీ ఎత్తినప్పుడు తెర అడుగున చిన్న అక్షరాలు కనిపించాయి. వేరే దేశంలోని ఇంకో యూనివర్సిటీ పేరు. రెండో స్లయిడ్ మీదా ఉంది. మూడోదాని మీదా ఉంది. మలయాళీ అమ్మాయి నా మోచేతిని పొడిచింది.

ఊరుకుందామనే అనుకున్నాను. ఫైల్లో హెచ్చరిక ఉన్న మనిషిని. కానీ ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అతనే అడిగాడు.

"సార్, కింద ఉన్న ఆ పేరు ఎవరిది?"

అతను వెనక్కి తిరిగి చూశాడు. మంచి ప్రశ్న అన్నాడు. తర్వాతి స్లయిడ్ నొక్కాడు. అక్కడ ఆ పేరు ఇంకా పెద్దదిగా, లోగోతో ఉంది. వెనక బెంచీల్లో ఎవరో ముందు నవ్వారు, తర్వాత అందరూ. అతని చెవులు ఎర్రబడ్డాయి. నాకు జాలేసింది, పదిహేనేళ్లు ఆ వైపు నిలబడ్డదాన్ని. అతను ప్రొజెక్టర్ ఆపేసి, మార్కర్ తీసుకుని, ఇది ఎక్కడినుంచి తెచ్చానో చెప్పకపోవడం నా తప్పు అని బోర్డు మీద ఆ యూనివర్సిటీ పేరు రాసి, మిగతా పాఠం చేత్తో రాస్తూ చెప్పాడు. ఆ రోజు మొత్తంలో పిల్లలు ఫోన్లు పక్కన పెట్టి విన్నది ఆ గంటే.

చివర్లో ఇరవై ప్రశ్నల పరీక్ష పెట్టారు. నాకు పంతొమ్మిది వచ్చాయి. పోయినది, ఒక మనిషి తన రాతని తనే కాపీ కొట్టినట్టు అవుతుందా అన్న ప్రశ్న. సరైన జవాబు 'అవును' అని నాకు బాగా తెలుసు. అయినా నా చెయ్యి 'కాదు' మీద టిక్కు పెట్టింది, దాన్ని కొట్టేసి మార్చబుద్ధి కాలేదు.